పేమెంట్ పేజీ దగ్గర ఆగిపోతున్న ఆర్డర్లు: ముందు ఏం మార్చాలి?

మీ ప్రశ్నను తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు సొంత వెబ్‌సైట్‌లో మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతున్నారు. ఇన్‌స్టాలో రీల్స్ చూసి జనం బాగానే వస్తున్నారు, చీర కార్ట్‌లో వేసి అడ్రస్ కూడా నింపుతున్నారు, పేమెంట్ పేజీ రాగానే వెళ్ళిపోతున్నారు. అక్కడ పైన కార్డు, దాని కింద నెట్ బ్యాంకింగ్, అట్టడుగున యూపీఐ ఐడీ టైప్ చేసే ఒక పెట్టె ఉన్నాయి. అలా వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు గంట తర్వాత వాట్సాప్‌లో "మేడమ్, ఫోన్‌పే నంబర్ పెట్టండి" అంటున్నారు. ఇంకొందరు "క్యాష్ ఆన్ డెలివరీ లేదా?" అంటున్నారు. కువైట్ నుంచి, అమెరికా నుంచి కూడా అడుగుతున్నారు కానీ వాళ్ళ దగ్గర డబ్బు ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. ధర పది శాతం తగ్గించాలా, గేట్‌వే (సైట్‌లో డబ్బు తీసుకుని మీ ఖాతాకి చేర్చే కంపెనీ) మార్చాలా అని అడిగారు.

ధర తగ్గించకండి. ఇంటి నంబర్, పిన్‌కోడ్ దాకా టైప్ చేసిన మనిషి ధర చూశాకే ఆ పని చేసింది. ఆమెకు చీర నచ్చింది, ధరా సరిపోయింది. డబ్బు ఇచ్చే దారే ఆమెకు అలవాటైనది కాదు. పైగా వాట్సాప్‌కి వచ్చి మరీ నంబర్ అడుగుతోందంటే, ఏ దారి కావాలో తనే చెబుతోంది. అది సైట్‌లో, ఆమె వెతక్కుండా కనిపించే చోట ఉండాలి. చిన్న ఆన్‌లైన్ షాపులకు పేమెంట్లు పెట్టించడమే ఇన్నేళ్ళుగా నా పని. "లోగోలు ఎక్కువ పెడితే అమ్మకాలు పెరుగుతాయి" అనే మాట చాలామంది నమ్ముతారు. నా అనుభవంలో అది నిజం కాదు. కొనేవాళ్ళు రోజూ వాడే ఒకటి రెండు పద్ధతులు అన్నిటికన్నా పైన ఉండి, ఆఖరి మెట్టు దాకా సాఫీగా నడిస్తే చాలు. మిగతావి కింద ఓ పక్కన ఉన్నా నష్టం లేదు.

ఏదైనా మార్చేముందు గేట్‌వే డాష్‌బోర్డు తెరిచి గత నెల లెక్క చూడండి. పేమెంట్ పేజీ దాకా వచ్చినవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఏదో ఒక పద్ధతి నొక్కి ప్రయత్నించినవాళ్ళు ఎంతమంది, డబ్బు నిజంగా పడినవాళ్ళు ఎంతమంది? మొదటి రెండు అంకెల మధ్య తేడా పెద్దదైతే కావలసిన పద్ధతి కనబడక వెళ్ళిపోతున్నారని అర్థం. రెండో, మూడో అంకెల మధ్య తేడా పెద్దదైతే పద్ధతి ఉంది కానీ పనిచేయడం లేదు. మొదటిది పేజీ సర్దితే పోతుంది. రెండోది సాంకేతిక సమస్య, దానికి డెవలపర్ కావాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు రెండూ ఉన్నట్టున్నాయి.

ఇక యూపీఐ సంగతి. 2016లో మొదలైంది. 2023 ఆగస్టులో నెలకు వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది, సరిగ్గా రెండేళ్ళకు 2025 ఆగస్టులో రెండు వేల కోట్లు దాటింది. పాలవాడి నుంచి ఆటో దాకా అందరికీ దాంతోనే ఇస్తున్న మనిషిని పదహారు అంకెల కార్డు నంబర్ కొట్టమంటే పర్సు ఎక్కడుందో వెతుక్కోవాలి. పర్సు కోసం లేచిన మనిషి తిరిగి రావడం అనుమానమే.

కానీ మీ సైట్‌లో యూపీఐ ఉండనే ఉంది కదా, ఎందుకు పనిచేయడం లేదు? ఆ పెట్టె వల్ల. ఐడీ టైప్ చేయించి, ఆమె యాప్‌కి రిక్వెస్ట్ పంపే పద్ధతిని కలెక్ట్ అంటారు. ముందు ఆమెకు తన యూపీఐ ఐడీ ఏమిటో తెలియాలి. ఫోన్ నంబరే తెలుసు చాలామందికి. ఐడీ దొరికి కొట్టినా, సైట్ వదిలి యాప్‌లోకి వెళ్ళి, నోటిఫికేషన్ వచ్చిందో లేదో చూసి, దాన్ని అప్రూవ్ చేయాలి. ఈలోగా పేమెంట్ పేజీలో టైమర్ తిరుగుతూ ఉంటుంది. అన్నిటికీ మించి, తెలియని రిక్వెస్ట్ వస్తే అప్రూవ్ చేయొద్దని బ్యాంకులూ పోలీసులూ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. మోసాలు ఎక్కువై వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేయించింది కూడా. కాబట్టి మీ రిక్వెస్ట్ చూసి ఆమె వెనకాడితే తప్పు ఆమెది కాదు.

దాని బదులు ఇంటెంట్ పద్ధతి పెట్టించండి. పేజీలో ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి నొక్కగానే ఆ యాప్ నేరుగా తెరుచుకుంటుంది. షాపు పేరు, మొత్తం అన్నీ నిండే ఉంటాయి. పిన్ కొట్టడమొక్కటే ఆమె పని. కంప్యూటర్‌లో చూసేవాళ్ళకు మాత్రం క్యూఆర్ కోడ్ చూపించాలి. ఫోన్‌లో చూసేవాళ్ళకు క్యూఆర్ చూపిస్తే ఉపయోగం లేదు, ఆ ఫోన్‌తో ఆ ఫోన్‌నే స్కాన్ చేయలేరు కదా. వింతగా ఉంటుంది కానీ ఈ రెండూ తారుమారైన సైట్లు చాలానే ఉన్నాయి.

ఇక్కడ మీ కేసులో నాకు గట్టి అనుమానం ఉన్న విషయం ఒకటుంది. మీ కస్టమర్లు ఇన్‌స్టా నుంచి వస్తున్నారు. అక్కడ లింక్ నొక్కితే మీ సైట్ క్రోమ్‌లో తెరుచుకోదు, ఇన్‌స్టా లోపలే ఉండే చిన్న బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఇలాంటి లోపలి బ్రౌజర్లు యూపీఐ లింకును చాలాసార్లు గుర్తుపట్టవు. ఫోన్‌పే బొమ్మ నొక్కితే ఏమీ జరగదు, లేదా తెల్లటి పేజీ మీద అర్థంకాని ఎర్రర్ వస్తుంది. కస్టమర్ "ఈ సైట్ ఏదో తేడాగా ఉంది" అనుకుని బయటికొచ్చి, మీకు వాట్సాప్ చేస్తుంది. మీ డెవలపర్ మాత్రం తన క్రోమ్‌లో చూసి "బాగానే పనిచేస్తోంది కదండీ" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

దీన్ని ఇప్పుడే తేల్చుకోవచ్చు. సైట్‌లో ఒక రూపాయికి ఏదో ఒక టెస్ట్ వస్తువు పెట్టండి. ఇంట్లో ఎవరిదైనా మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మీ ఇన్‌స్టా పేజీలోకి వెళ్ళి, అక్కడి లింక్ నుంచే లోపలికొచ్చి ఆ రూపాయి వస్తువు కొనండి. ఫోన్‌పేతో ఒకసారి, గూగుల్ పేతో ఒకసారి. తర్వాత ఐఫోన్ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే దాంట్లోనూ చేయించండి. ఐఫోన్‌ది ఇంకో తలనొప్పి. అందరికీ కలిపి ఒకే యూపీఐ లింక్ ఇస్తే, ఏ యాప్‌లో కట్టాలని అడగకుండా ఫోన్ తనకు తోచిన యాప్ తెరుస్తుంది. ఆమె వాడేది ఫోన్‌పే అయితే వాట్సాప్ తెరుచుకోవచ్చు. అందుకే ఐఫోన్‌కి ఒక్కో యాప్‌కి విడిగా బటన్ ఉండాలి. ఇన్‌స్టా బ్రౌజర్ సమస్యకి మందు సులువే. లోపలి బ్రౌజర్ నుంచి వచ్చారని సైట్ కనిపెట్టి, పేమెంట్‌కి ముందు "క్రోమ్‌లో తెరవండి" అనే బటన్ చూపించాలి. డెవలపర్‌కి ఇది పెద్ద పని కాదు.

ఇది సరిచేశాక కూడా కొన్ని ఫెయిల్ అవుతాయి. బ్యాంకు సర్వర్ డౌన్ అవడం, పిన్ తప్పు కొట్టడం, ఖాతాలో డబ్బు లేకపోవడం వంటివి మన చేతుల్లో లేవు. కానీ మీ సరుకుకి ప్రత్యేకంగా తగిలేది ఒకటుంది. కొత్త ఫోన్ కొని అందులో యూపీఐ మళ్ళీ రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకి చాలా బ్యాంకులు మొదటి 24 గంటలు 5,000 రూపాయల పరిమితి పెడతాయి. డ్రెస్ మెటీరియల్ కొనేవాళ్ళకి అది అడ్డం రాదు. పట్టు చీర కొనేవాళ్ళకి వస్తుంది. "లిమిట్ దాటింది" అని యాప్ చెప్పినా, మీ పేజీలో మాత్రం "పేమెంట్ ఫెయిల్డ్" అని ఇంగ్లీషులో ఒక ముక్క కనిపిస్తుంది. ఆ చోట కార్డు బటన్ ఎదురుగా కనిపించేలా, ఆర్డర్ పోకుండా మళ్ళీ ప్రయత్నించేలా పెట్టించండి. మళ్ళీ మొదటి నుంచి అడ్రస్ కొట్టమంటే ఎవరూ కొట్టరు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది డబ్బు కట్ అయి ఆర్డర్ రాకపోవడం. ఆమె పిన్ కొట్టింది, యాప్‌లో టిక్కు వచ్చింది, కానీ తిరిగి సైట్‌కి రాకుండా ఫోన్ పక్కన పెట్టేసింది. లేదా బ్యాంకు రెండు నిమిషాలు ఆలస్యంగా ఖరారు చేసింది. సైట్ మాత్రం ఆమె తిరిగొస్తేనే ఆర్డర్ రాసుకునేలా కట్టారు. డబ్బు గేట్‌వేలో ఉంది, ఆర్డర్ ఎక్కడా లేదు. దీనికోసం వెబ్‌హుక్ ఉంటుంది. కస్టమర్ తిరిగొచ్చినా రాకున్నా, డబ్బు పడగానే గేట్‌వే మీ సర్వర్‌కి నేరుగా కబురు పెట్టే ఏర్పాటు అది. అది పెట్టారా లేదా అని డెవలపర్‌ని అడగండి. "రిటర్న్ యూఆర్‌ఎల్ (కట్టాక కస్టమర్ తిరిగొచ్చే పేజీ) ఉంది కదా" అంటే పెట్టలేదనే అర్థం.

ఫెయిల్ అయినప్పుడు కనిపించే మాట తెలుగులో ఉండాలి, అందులో సమాచారం ఉండాలి. నేను షాపులవాళ్ళకి ఇలా రాసిస్తుంటాను: "పేమెంట్ పూర్తి కాలేదు. మీ ఖాతాలో డబ్బు కట్ అయి ఉంటే కంగారు పడకండి. ఐదు రోజుల్లోపు అదే ఖాతాకి తిరిగి వస్తుంది. చీర మీ కోసం 30 నిమిషాలు పక్కన పెట్టాం. మళ్ళీ ప్రయత్నించండి, లేదా ఈ నంబర్‌కి వాట్సాప్ చేయండి." ఆ ఐదు రోజుల మాట ఊరికే రాసింది కాదు. డబ్బు కట్ అయి షాపుకి ఖరారు అందని యూపీఐ చెల్లింపుల్లో ఆ సొమ్ము ఐదు రోజుల్లోగా తిరిగి వేయాలని, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున కస్టమర్‌కి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ఇక చీర పక్కన పెట్టామనే మాట రాస్తే నిజంగా పక్కన పెట్టండి, ముఖ్యంగా ఒక్కటే పీసు ఉన్నప్పుడు.

వాట్సాప్‌లో మీ సొంత నంబర్ ఇచ్చి డబ్బు వేయించుకోవడం మాత్రం తగ్గించండి. స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ పంపే అలవాటు ప్రమాదకరం. అచ్చం అసలుదానిలా ఉండే దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. పండగ రద్దీలో వరసగా ఇరవై ఆర్డర్లు వస్తుంటే మీరు పోల్చుకోలేరు. దానికి బదులు గేట్‌వే నుంచి పేమెంట్ లింక్ తయారుచేసి చాట్‌లో పెట్టండి. కస్టమర్ తనకి అలవాటైన ఫోన్‌పేలోనే కడుతుంది, మీకు ఏ ఆర్డర్‌కి ఎంత పడిందో లెక్క ఉంటుంది, సొంత ఖాతాలో వ్యాపారం డబ్బు కలవదు. ఆడిటర్ కూడా సంతోషిస్తాడు.

ఖర్చు సంగతి. 2020 జనవరి 1 నుంచి యూపీఐకీ రూపే డెబిట్ కార్డులకీ ఎండీఆర్ (అమ్మకం మీద బ్యాంకులు వ్యాపారి దగ్గర తీసుకునే రుసుము) సున్నా. అయినంత మాత్రాన మీకు గేట్‌వే ఫీజు పడదని కాదు. కొందరు ప్లాట్‌ఫారం ఫీజు పేరుతో యూపీఐకి కూడా తీసుకుంటారు, దాని మీద జీఎస్‌టీ వేరు. మీ ఒప్పందంలో యూపీఐ వరుస ఎదురుగా ఏం రాసుందో చూడండి, అది బేరమాడదగిన అంశం. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకుని కట్టేవాళ్ళ సంగతి కూడా అడగండి. ఖరీదైన చీరకి ఆ దారిలో వస్తే ఫీజు పడుతుంది, లెక్కలో అది కనిపించి ఇదేమిటని కంగారు పడకండి.

ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ (సీఓడీ). దీని మీద మన వ్యాపారులు రెండు వర్గాలు. పెట్టనే పెట్టొద్దనేవాళ్ళు ఒక వర్గం, అది లేకుండా బేరమే లేదనేవాళ్ళు ఇంకో వర్గం. 2010లో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టినప్పుడు చాలామంది దగ్గర ఆన్‌లైన్‌లో కట్టే సాధనమే లేదు. ఇప్పుడు ఆ కారణం చాలావరకు పోయింది. డెలివరీ అబ్బాయి చేతిలోని క్యూఆర్‌కే ఫోన్‌పే చేసేవాళ్ళు ఎంతమంది లేరు? ఈ రోజు మీ కస్టమర్ అడుగుతున్నది నగదు ఇచ్చే వీలు కాదు, వస్తువు చేతికొచ్చాక ఇచ్చే వీలు. మీ షాపు పేరు ఆమె మొదటిసారి వింటోంది, ఇన్‌స్టా పేజీలు డబ్బు తీసుకుని మాయమైన కథలు విని ఉంది, ఫోటోలో రంగు ఒకలా, చేతికొచ్చాక ఇంకోలా ఉంటుందని తెలుసు. కాబట్టి కొత్త షాపుకి సీఓడీ అవసరమే. కాకపోతే అందరికీ, అన్నిటికీ ఇవ్వనక్కరలేదు.

మీ సొంత అంకెలతో లెక్క వేయండి. ఉదాహరణకి, షిప్పింగ్ పోను చీరకి 400 మిగులుతుందనుకుందాం. సీఓడీ తెరిస్తే 100 ఆర్డర్లు వస్తాయి, తెరవకపోతే వాటిలో 50 మందే ముందుగా కట్టి కొంటారు. అంటే సీఓడీ లేకుండా మీ మిగులు 20,000. సీఓడీ ఆర్డర్‌కి కొరియర్ వసూలు చార్జీ 40, వెనక్కొచ్చిన పార్సిల్‌కి రానుపోను చార్జీలు, ప్యాకింగ్ కలిపి 180 నష్టం. నూటికి 25 వెనక్కొస్తే: 75 చీరల మీద 30,000, అందులో వసూలు చార్జీ 3,000, వాపసు నష్టం 4,500 పోతే 22,500. సీఓడీయే మేలు. అదే 35 వెనక్కొస్తే: 26,000లో 2,600, 6,300 పోతే 17,100. తెరవకపోవడమే మేలు. ఈ అంకెలతో, సీఓడీ మేలా కాదా అని తేల్చే గీత నూటికి 30 వాపసుల దగ్గర పడుతోంది. మీ మార్జిన్‌ని బట్టి మీ గీత వేరే చోట పడుతుంది. అది తెలియకుండా "సీఓడీ మంచిదా చెడ్డదా" అని వాదించుకోవడం దండగ. ఇంకో ఖర్చు ఈ లెక్కలో రాలేదు: సీఓడీ డబ్బు కొరియర్ దగ్గర కొన్ని రోజులు ఉండి గాని మీకు రాదు. దసరా ముందు నేతన్నలకి అడ్వాన్సులు ఇవ్వాల్సిన సమయంలో ఆ ఆలస్యం గట్టిగా తెలుస్తుంది.

వాపసులు ఆ గీత లోపల ఉండాలంటే కొన్ని పద్ధతులు ఉన్నాయి. ఒక ధర దాటిన చీరలకి సీఓడీ తీసేయండి. ఆ ధర ఎంతన్నది మీ ఇష్టం, కానీ పట్టు చీర రెండుసార్లు లారీ ఎక్కి నలిగి తిరిగొస్తే ఆ మడతల్ని ఏ ఇస్త్రీ సరిచేయదు. ఆర్డర్ రాగానే వాట్సాప్‌లో "ఈ చీర, ఈ అడ్రస్, ఇంత మొత్తం, ఖాయమేనా?" అని అడిగి, జవాబు వచ్చాకే ప్యాక్ చేయండి. జవాబు రానివాళ్ళకి ఒకసారి ఫోన్ చేయండి. ఎత్తకపోతే పంపొద్దు. పల్లెటూళ్ళ అడ్రస్‌లో గుడి దగ్గరా, వాటర్ ట్యాంక్ దగ్గరా అనే గుర్తు అడిగి రాయండి. పార్సిల్ తిరిగి రావడానికి చాలాసార్లు కారణం అడ్రస్ దొరక్కపోవడమే, మనసు మారడం కాదు. మూడు నెలలకోసారి పిన్‌కోడ్‌ల వారీగా వాపసుల లెక్క తీసి, మరీ ఎక్కువున్న చోట సీఓడీ ఆపేయండి.

నాకు బాగా నచ్చిన మధ్యేమార్గం, 100 రూపాయలు ముందు యూపీఐలో తీసుకుని మిగతాది ఇంటి దగ్గర వసూలు చేయడం. ఆ వంద కట్టిన మనిషి పార్సిల్ తిప్పి పంపడం తక్కువ. వంద పోతేనేం అనే ధైర్యంతో ఆమె కూడా కొత్త షాపుని ప్రయత్నిస్తుంది. ముందుగా మొత్తం కట్టినవాళ్ళకి చిన్న తగ్గింపు కూడా ఇవ్వొచ్చు. "రెండు శాతం తగ్గింపు" అనే కన్నా "ఇప్పుడే కడితే 50 రూపాయలు తక్కువ" అంటే సూటిగా ఉంటుంది. సీఓడీకి విడిగా చార్జీ వేసేటట్టయితే అది చీర పేజీలోనే కనిపించాలి. ఆఖరి మెట్టులో హఠాత్తుగా చేరిస్తే కస్టమర్‌కి ఒళ్ళు మండుతుంది. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్ళని తప్పుదోవ పట్టించే ఎత్తుల) మార్గదర్శకాల్లో ఇలా ధరను చివర్లో పెంచడం కూడా ఉంది.

కార్డులు తీసేయమని కాదు. ఖరీదైన చీరలకి, పెళ్ళి కొనుగోళ్ళకి క్రెడిట్ కార్డు, ఈఎంఐ అడిగేవాళ్ళు ఉంటారు. యూపీఐ కింద రెండో వరసలో కార్డు, మూడో వరసలో ఈఎంఐ, ఆ తర్వాత నెట్ బ్యాంకింగ్ ఉంచండి. 2022 అక్టోబర్ నుంచి షాపులు కార్డు నంబర్లు దాచుకోకూడదు, టోకెన్ (నంబర్‌కి బదులు వాడే కోడ్) రూపంలోనే ఉంచాలి. మీ గేట్‌వే ఆ టోకెన్ సదుపాయం ఇస్తే, మళ్ళీ మళ్ళీ కొనేవాళ్ళు నంబర్ ప్రతిసారీ కొట్టక్కర్లేదు. ఇంతకన్నా దీని మీద బుర్ర పెట్టాల్సింది లేదు.

కువైట్ సంగతికి వద్దాం, ఇది మీ ప్రశ్నలో నాకు ఆసక్తిగా అనిపించిన భాగం. కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచీ కోనసీమ నుంచీ అక్కడికి పనికి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది. అక్కడ ఆన్‌లైన్‌లో కొనడమంటే కేనెట్. ఆ దేశపు బ్యాంకుల డెబిట్ కార్డులన్నీ నడిచే వ్యవస్థ అది. మంగళగిరి నుంచి నడిచే సైట్‌కి కేనెట్ పెట్టించుకోవాలంటే గల్ఫ్ గేట్‌వేతో ఒప్పందం, అక్కడ వ్యాపార రిజిస్ట్రేషన్ లాంటి తతంగం ఉంటుంది. మీరున్న స్థాయికి అది వద్దు. విదేశీ ఫోన్ నంబర్‌తో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల (విదేశాల్లో ఉండే భారతీయులకి ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఖాతాలు) నుంచి యూపీఐ వాడుకునే వీలు 2023 జనవరిలో పది దేశాలకి ఇచ్చారు. అమెరికా, బ్రిటన్, సింగపూర్, యూఏఈ, సౌదీ, ఖతర్, ఒమన్ అందులో ఉన్నాయి, ఆ పదిలో కువైట్ లేదు.

కానీ అసలు వాళ్ళేం కొంటున్నారో చూడండి. కువైట్‌లో ఇంటిపని చేసే మనిషి మీ రీల్ చూసి చీర ఎంచుకునేది చాలాసార్లు అక్కడ కట్టుకోవడానికి కాదు. ఊళ్ళో ఉన్న అమ్మకో, పెళ్ళి కుదిరిన చెల్లెలికో. పార్సిల్ వెళ్ళేది రాజంపేటకే. ఎంచుకునేది ఒకరు, కట్టేది ఇంట్లో ఉన్న తమ్ముడు, అందుకునేది అమ్మ. మీ చెకౌట్ ఈ ముగ్గురూ ఒకరేనని అనుకుని కట్టినది. అక్కడ "డబ్బు ఇంకొకరు కడతారు, లింక్ పంపండి" అనే ఒక బటన్ పెట్టించండి. ఆమె చీర, అడ్రస్ నింపి ఆ లింక్‌ని తమ్ముడికి వాట్సాప్‌లో పంపుతుంది, అతను గూగుల్ పేలో కడతాడు. లింక్‌కి ఒక రోజు గడువు ఇవ్వండి, కువైట్‌లో వాళ్ళకి ఫోన్ పట్టుకునే తీరిక రాత్రికి గాని దొరకదు. ఆర్డర్ ఖరారైందనే మెసేజ్ ఎంచుకున్నావిడకి కూడా వెళ్ళాలి. అది చూసుకున్నాకే ఆమె నిశ్చింతగా ఉంటుంది. డెవలపర్ ఇప్పట్లో చేయలేనంటే, వాట్సాప్‌లో మీరే లింక్ తయారుచేసి పంపినా పని జరుగుతుంది.

అమెరికా వేరు. అక్కడివాళ్ళు అక్కడికే తెప్పించుకుంటారు, కార్డుతోనే కడతారు. మన కార్డులకి ఆన్‌లైన్‌లో రెండో దశ ధృవీకరణ 2009 నుంచే తప్పనిసరి, మనకి ఓటీపీ అలవాటైపోయింది. బయటి దేశాల్లో ఇచ్చిన కార్డులకి ఆ నిబంధన లేదు. నంబర్, తేదీ, వెనకున్న మూడంకెలు కొడితే డబ్బు కట్ అవుతుంది. కస్టమర్‌కి సుఖం, మీకు కాస్త రిస్కు: తర్వాత ఆమె "ఈ లావాదేవీ నాది కాదు" అని బ్యాంకుకి చెబితే, ఓటీపీ లేదు కనక నిరూపించుకునే భారం ఎక్కువగా మీ మీదే పడుతుంది. చాట్, ట్రాకింగ్ నంబర్, డెలివరీ రుజువు జాగ్రత్తగా దాచుకోండి. చాలా గేట్‌వేలలో విదేశీ కార్డులు మొదట ఆపేసి ఉంటాయి, విడిగా దరఖాస్తు పెట్టి తెరిపించుకోవాలి. ఎగుమతికి ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతులు చేసేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే నంబర్) కూడా కావాలి. విదేశీ కార్డుకి ఫీజు మన కార్డుల కన్నా ఎక్కువ, దాని మీద కరెన్సీ మార్పిడి ఖర్చు ఉంటుంది. అది డాలర్ ధరలో కలిపే పెట్టండి. పేపాల్ మన దేశం లోపలి చెల్లింపులు 2021 ఏప్రిల్ నుంచి ఆపేసింది కానీ విదేశాల నుంచి తీసుకోవడానికి పనికొస్తుంది. ఖర్చు ఎక్కువైనా, మీ షాపు తెలియనివాళ్ళకి ఆ పేరు చూస్తే ధైర్యం.

వాళ్ళు "జెల్ (Zelle, అమెరికా బ్యాంకు ఖాతాల మధ్య ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) ఉందా?" అనికూడా అడుగుతారు. అక్కడి తెలుగువాళ్ళు ఇంటి దగ్గర చీరలు అమ్మేవాళ్ళకి అలాగే ఇస్తారు. జెల్‌కి అమెరికా బ్యాంకు ఖాతా ఉండాలి. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఖాతాలో వేయించుకుందామనే ఆలోచన వస్తుంది, వద్దు. ఎగుమతి చేసిన సరుకు డబ్బు మీ వ్యాపారం పేరున బ్యాంకు ద్వారా రావాలి, దానికి కాగితం ఉండాలి. అన్నయ్యకీ అక్కడి పన్ను లెక్కల్లో చిక్కు వస్తుంది.

ఇంకొకటి, 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. సుంకం ఎవరు కడతారన్నది పేమెంట్ బటన్‌కి పైనే స్పష్టంగా రాయండి. గుమ్మం దగ్గర కొరియర్ వాడు డబ్బు అడిగితే ఆమె పార్సిల్ వద్దనేసి బ్యాంకుకి ఫిర్యాదు పెడుతుంది. చీర, షిప్పింగ్, డబ్బు మూడూ పోతాయి. అమెరికాలో ఉండి ఇక్కడి అమ్మానాన్నలకి పంపించేవాళ్ళయితే ఈ గొడవ లేదు. వాళ్ళలో ఎన్ఆర్ఈ ఖాతాకి యూపీఐ పెట్టుకున్నవాళ్ళు మామూలు ఫోన్‌పే కస్టమర్ లాగే కట్టేస్తారు.

ఇక గేట్‌వే మార్చాలా అన్నది. ఇప్పుడే వద్దు. కొత్తదానికి మళ్ళీ కేవైసీ, కొత్త ఇంటిగ్రేషన్, పండగ సీజన్ మధ్యలో అది ఆగిపోతే ఉన్న ఆర్డర్లూ పోతాయి. ముందు ఇప్పుడున్నవాళ్ళకే మెయిల్ పెట్టండి: ఇంటెంట్ మా ఖాతాలో తెరిచి ఉందా, ఐఫోన్‌కి యాప్‌ల బటన్లు విడిగా ఇస్తారా, ఆలస్యంగా ఖరారైన పేమెంట్లను వెబ్‌హుక్‌లో పంపుతారా లేక వాటంతట అవే వాపసు చేస్తారా, విదేశీ కార్డులు తెరవడానికి ఏ కాగితాలు కావాలి, యూపీఐ మీద మీరు తీసుకునే ఫీజు ఎంత. వారంలో సూటిగా జవాబులు వస్తే అక్కడే ఉండండి. "మా టీమ్ మిమ్మల్ని సంప్రదిస్తుంది" అనే మెయిల్ తప్ప ఇంకేమీ రాకపోతే, సంక్రాంతి హడావుడి అయ్యాక మార్చండి. మారే ముందు కొత్తదాన్ని ఒక నెల పాటు వాట్సాప్ పేమెంట్ లింకులకి మాత్రమే వాడి చూడండి. ఆ రూపాయి పరీక్ష ఫలితం ఏమొచ్చిందో, ఏ ఫోన్‌లో ఏ ఎర్రర్ వచ్చిందో ఇక్కడ రాస్తే, డెవలపర్‌కి ఏం చెప్పాలో వివరంగా రాస్తాను.